తలకి నూనె రాసుకుని నలభై రోజులు

మా పేటలో ఉపవాసం ఉన్న ఆడమనిషిని పోల్చుకోవడానికి ఒకటే గుర్తు. ఆ వేళ మామూలుకన్నా నున్నగా తల దువ్వుకుని ఉంటుంది. ఈస్టరుకి ముందొచ్చే సిలువ శ్రమల నలభై రోజులు మొదలయ్యాయంటే మా అమ్మ మా ఇద్దరక్కచెల్లెళ్ళనీ పొద్దున్నే గడపలో కూర్చోబెట్టి, కొబ్బరినూనె చెంపల మీదకి కారేలా పట్టించి, కళ్ళు పైకి లాక్కుపోయేంత బిగించి జడలు వేసేది.

"మూతి ముడుచుకుని కూకోడానికి కాదే ఉపాసం. ఎవరన్నా చూసి అయ్యో పాపం అన్నారంటే ఆ రోజు లెక్కలోకి రాదు," అనేది.

నిజంగానే పైన ఎవరో కూర్చుని లెక్క రాసుకుంటారని నాకు భయం. అందుకని ఆకలేసినప్పుడల్లా నవ్వేదాన్ని. అదే అలవాటైపోయింది. ఇప్పటికీ బాగా ఆకలేస్తే నాకు నవ్వొస్తుంది, ఏం చెయ్యను.

సాయంత్రం చర్చి ముందు చాపలు వేసేవారు. రోజుకో ఇంటివాళ్ళు ఉప్మా, అరటిపళ్ళు తెచ్చి ఉపవాసం ఉన్నవాళ్ళందరికీ పెట్టేవారు. అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, ప్రార్థన కాస్త సాగదీశారంటే పిల్లలందరం వంతులవారీగా దగ్గేవాళ్ళం. ఆయనకి తెలుసు. కళ్ళు మూసుకునే నవ్వేవారు. కడుపు కాలే ముప్పై నలభై మంది మోకాళ్ళు మోకాళ్ళు తగిలేలా కూర్చుని ఒక్కసారి ఆకుల్లో చెయ్యి పెట్టడం ఉంది చూశారూ, అలాంటి రుచి నాకు ఏ పండగ భోజనంలోనూ దొరకలేదు.

పదో తరగతి తప్పాక రొయ్యల షెడ్డులో తలలు తీసే పనికి వెళ్ళాను. ఐసులో వేళ్ళు పాసిపోయి పుళ్ళు పడ్డాయి. ఆ తర్వాత ఏజెంటు ద్వారా బహ్రెయిన్ వచ్చాను. మా వైపు ఏ ఎడారి దేశం వెళ్ళినా కువైట్ వెళ్ళిందనే అంటారు. మా అమ్మ ఇప్పటికీ నేను కువైట్‌లో ఉన్నాననే చెప్తుంది. సరిచెయ్యడం మానేశాను. పెళ్ళి సంగతి అడగకండి, అది ఇందులో రాయను.

బుదైయాలో నేను పని చేసే ఇల్లు పెద్దది. ముందు ఖర్జూరపు చెట్లు, వెనక బట్టలారేసే పెరడు, ఆ పెరటి గోడ అవతల ఇంకో ఇల్లు. ఇంట్లో సారు, మేడం, ముగ్గురు పిల్లలు, మేడం వాళ్ళ అమ్మగారు. ఆ పెద్దావిడని నేను మామా అని పిలుస్తాను. ఇక్కడ పనివాళ్ళు ఇంటి పెద్దావిడని అలాగే పిలుస్తారు, అమ్మా అన్నట్టు. వాళ్ళు నాతో మాట్లాడేది సగం అరబ్బీ, పావు హిందీ, మిగతా అంతా చేతులు. ఇక్కడ మాత్రం తెలుగులోనే రాసేస్తున్నాను.

వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. అది ముందే చెప్పాలి. చెయ్యి చేసుకోరు, తిండికి వంక పెట్టరు, పండక్కి బట్టలు కొంటారు. కాకపోతే నాతో పని చెప్తారు తప్ప మాట్లాడరు. మాటలపుట్ట అని మా పేటంతా ఏడిపించిన పిల్లని నేను. ఒకరోజు పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా నా నోట్లోంచి వచ్చిన మాటలు లెక్కపెట్టుకున్నాను. పదకొండు. అందులో ఏడు 'యస్ మేడం'. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని నాకు నేనే కథ చెప్పుకున్నాను, గొంతు ఉందో పోయిందో చూసుకోడానికి.

నేను చెప్పబోయే ఏటికి ఇక్కడికొచ్చి ఏడాదీ రెండు నెలలు. ఇన్నాళ్ళలో ఎవరి పక్కనా కూర్చుని తినలేదు. బట్టలుతికే మెషీను గదిలో, మెషీను మీద పళ్ళెం పెట్టుకుని, నించునే తినేదాన్ని. అది తిరుగుతుంటే పళ్ళెం కూడా గజగజా వణికేది. శుక్రవారం శుక్రవారం మనామాలో తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక ఉంటుంది. రెండుసార్లు వెళ్ళాను. ఆ తర్వాత శుక్రవారమే ఇంటికి చుట్టాలొచ్చే రోజు కాబట్టి నాకు సెలవు కుదరలేదు.

నేను క్రిస్టియన్‌నని ఇంట్లో ఎవరికీ తెలియదు. దాచలేదు, ఎవరూ అడగలేదు. ఏజెంటు కాగితాల్లో మతం అన్నచోట నన్ను అడక్కుండానే ఏదో నింపేశాడు. ఇస్త్రీ చేస్తూ నేను పాడుకునే చర్చి పాటలు కూడా సినిమా పాటలని పిల్లలు అనుకునేవారు. చిన్నది అప్పుడప్పుడు వచ్చి వాటికి డాన్సు కూడా చేసేది. ప్రభువు ఏమీ అనుకోడులే అని నేనూ చప్పట్లు కొట్టేదాన్ని.

ఆ ఏడు మా నలభై రోజులూ, వాళ్ళ రంజానూ ఒకే రోజు మొదలయ్యాయి.

నాకది ఆ రోజు పొద్దున తల దువ్వుకుంటూంటే గానీ తట్టలేదు. నవ్వొచ్చింది. ఇల్లంతా ఉపవాసం, నేనూ ఉపవాసం, ఎవరూ నన్ను 'ఎందుకు తినలేదు' అని అడగరు, అమ్మ చెప్పినట్టు రహస్యంగా ఉండిపోవచ్చు అనుకున్నాను. మాది కొంచెం వేరు. మేం నీళ్ళు తాగుతాం. ఆదివారాలు లెక్కలోకి రావు, ఆ రోజు తింటాం. ఉపవాసం ఉన్నవాళ్ళ ఎదురుగా తాగడం బావుండదని నీళ్ళు కూడా మెషీను గదిలోనే తాగేదాన్ని.

మూడో రోజు మేడం గమనించింది. మధ్యాహ్నం నా కోసం పెట్టిన అన్నం అలాగే ఉంది. నా మొహంలోకి చూసింది, అన్నం వైపు చూసింది, వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం నేను సంబూసాలు, అంటే మన సమోసాలే, వేయించి బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోతూంటే మామా పిలిచింది. మోకాళ్ళు బాలేక ఆవిడ అందరితో బల్ల దగ్గర కూర్చోదు. గోడవారగా పరుపు మీద, కాళ్ళు చాపుకుని, ముందు చిన్న పీట వేసుకుని కూర్చుంటుంది.

"రా బింతీ," అంది. బింతీ అంటే నా కూతురా అని. పక్కన పరుపు మీద చేత్తో తట్టింది.

నేను కూర్చోలేదు. కూర్చోవచ్చో లేదో తెలియలేదు. ఇంకోసారి తట్టింది. కూర్చున్నాను. మసీదులో అజాన్ వినపడగానే ఒక ఖర్జూరం తీసి గింజ ఒలిచి నా చేతిలో పెట్టింది. నేను లోపల్లోపల తెలుగులో నాలుగు ముక్కలు ప్రార్థన చేసుకుని నోట్లో వేసుకున్నాను. మనసులో ఒక్కసారి మా చర్చి ముందు చాపలు కనపడ్డాయి. కళ్ళనీళ్ళొచ్చాయి. మామా చూసి నా తల మీద చెయ్యి వేసి ఏదో అంది. నూనె అంటుకుంటే తన వేళ్ళు తనే వాసన చూసుకుని నవ్వింది.

ఒట్టు, మొదటి రోజు అది ఉత్త ప్రేమే అనుకున్నాను.

నాలుగైదు రోజులకి సంగతి అర్థమైంది. చుట్టాలావిడ ఒకామె వస్తే మామా నన్ను చూపించి గొప్పగా చెప్పింది. మా పనిపిల్ల మాతోపాటు ఉపవాసం ఉంటోంది, ఎవరూ చెప్పలేదు, తనంతట తనే మొదలుపెట్టింది అని. ఆవిడ నా రెండు బుగ్గలూ పట్టుకుని దీవించింది. నేను పళ్ళన్నీ కనపడేలా నవ్వుతూ నించున్నాను. అప్పుడే చెప్పాల్సింది. కాదండీ, నాది వేరే, అని రెండు మాటలు. ఆ రెండు మాటల అరబ్బీ నాకు వచ్చు కూడా.

చెప్పలేదు. రహస్యంగా ఉండమని అమ్మ చెప్పింది కదా అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. చూడండి, మనసెంత తెలివైందో!

మొదటి ఆదివారం మెషీను గదిలో అన్నం తిన్నప్పుడు వాళ్ళ మీద గౌరవం కొద్దీ తలుపు వేసుకున్నాను. రెండో ఆదివారం తలుపు గడియ పెట్టుకున్నాను. ఆ గడియ ఎందుకో నాకు తెలుసు. ఎవరైనా చూస్తే సాయంత్రం ఆ పరుపు మీద నా చోటు పోతుంది. రోజంతా సంబూసాలకి పిండి మడుస్తున్నా, సూపు కలుపుతున్నా, మేడ మెట్లు తుడుస్తున్నా ఆ పది నిమిషాల మీదే ధ్యాస. మామా నాకు అరబ్బీ అంకెలు నేర్పేది. నేను ఆవిడ మోకాళ్ళు పట్టేదాన్ని. నా మాటలు పదకొండు నుంచి ఎన్నింటికి పెరిగాయో లెక్కపెట్టడం కూడా మానేశాను.

గోడ అవతల ఇంట్లో ఒక అక్క పని చేస్తుంది. మా కోనసీమ మనిషే, హిందువులు, వయసులో నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. సాయంత్రం నాలుగింటికి ఇద్దరం బట్టలు తియ్యడానికి పెరట్లోకి వచ్చినప్పుడు గోడ మీదుగా మాట్లాడుకుంటాం. అక్క మనిషి కనపడదు. గొంతు, ఇంకా బట్టల క్లిప్పులు పట్టుకున్న చెయ్యి, అంతే.

"ఏమే, ఇయ్యాల మరీ హుషారుగున్నావు. పాట ఈదంతా ఇనపడిపోతంది," అంది ఒకరోజు.

"ఆకలేత్తందక్కా, అందుకే పాడతన్నా."

"నీకు తిక్క ముదిరిందే పిల్లా. ఆకలేత్తే ఎవరన్నా పాడతారా? నాకైతే గిన్నెలు ఇసిరెయ్యాలనిపిత్తది."

మామా పక్కన కూర్చోబెట్టుకోవడం గురించి చెప్పాను.

"ఆవిడకి నువ్వు ఏసయ్య కోసం ఉపాసం ఉంటన్నావని తెలుసా?"

"తెలీదు."

"అయితే నోరు మూసుకుని కూర్చో. ఈ దేశంలో మన పక్కన కూర్చునే మనిషి దొరకడమంటే మాటలా? నిజం చెప్పి నువ్వేం బావుకుంటావ్?"

నాకు కావాల్సిన మాట అదే. చాలా తేలిగ్గా లోపలికి వెళ్ళిపోయాను.

మూడో వారంలో నాకు నెలసరి వచ్చింది. ఇంట్లో ప్యాకెట్ అయిపోతే మేడంని అడిగాను. ఆవిడ తెచ్చిచ్చి, ఆ సాయంత్రం పక్కకి పిలిచి, పెద్దక్క చెప్పినట్టు మెల్లగా చెప్పింది. "ఈ రోజుల్లో మేం ఆడవాళ్ళం ఉపవాసం ఉండం. నువ్వూ ఉండకూడదు. హాయిగా తిను. పండగ తర్వాత ఆ రోజులు ఉండి తీర్చుకోవచ్చు."

మాకు అలాంటి నియమం లేదు. నాకు ఆ సంగతి కలలో కూడా తట్టలేదు. సరే అని తలూపాను.

మర్నాడు మధ్యాహ్నం మామా నన్ను పిలిచి ఒక పళ్ళెం చేతిలో పెట్టింది. చేపల మచ్బూస్, అంటే వీళ్ళ మసాలా అన్నం. తను ఉపవాసంలో ఉండి, ఆ మోకాళ్ళతో వంటింట్లోకి వెళ్ళి, నాకోసం తనే వడ్డించింది. మూత మీద నిమ్మకాయ ముక్క కూడా పెట్టింది. "తిను, నీరసపడతావు," అంది.

పళ్ళెం పట్టుకుని మెషీను గదిలోకి వచ్చాను. మూత తీస్తే ఆవిరి మొహానికి కొట్టింది. ఆదివారాలు తప్పిస్తే ఇరవై రోజులుగా మధ్యాహ్నం పూట అన్నం వాసన తగలని కడుపు. చేప పెద్ద ముక్క, ముల్లు తీసేసి ఉంది.

తినేస్తే ఏ గొడవా లేదు. ఐదు రోజులు తిని, మళ్ళీ పరుపు మీద నా చోట్లో కూర్చోవచ్చు. ఎవరికీ ఏమీ తెలియదు. కానీ ఊళ్ళో ఉన్నప్పుడు జ్వరమొచ్చినా వదలని ఉపవాసాన్ని, ఎవరో వాళ్ళ నియమం నాకు చెప్పారని వదిలేసినట్టవుతుంది. తినకుండా ఎక్కడైనా పారేద్దామా అంటే, ఆవిడ స్వయంగా వడ్డించిన అన్నాన్ని చెత్త సంచిలో వెయ్యడానికి చెయ్యి రాలేదు. చాలాసేపు మెషీను ముందు నించున్నాను. ప్రార్థన చేద్దామని కళ్ళు మూసుకుంటే ప్రార్థన రాలేదు. 'నువ్వు ఇన్ని రోజులూ ఎవరి కోసం ఉన్నావమ్మా?' అని మాత్రం లోపల ఎవరో అడిగినట్టయింది. నిజం చెప్పాలంటే సగం రోజులు ఆ పరుపు కోసమే ఉన్నాను.

పళ్ళెం మూత పెట్టి మామా గదికి వెళ్ళాను. ఆవిడ జపమాలలాంటి తస్బీ పూసలు తిప్పుకుంటోంది.

"మామా, నేను తినను."

"తినాలి. ఈ రోజుల్లో దేవుడే వద్దన్నాడు."

"మీ ఉపవాసం కాదు మామా నాది. నేను మసీహీ." మసీహీ అంటే క్రిస్టియన్. "మా ఉపవాసాలు కూడా ఇప్పుడే వచ్చాయి. నలభై రోజులు. మేం నీళ్ళు తాగుతాం. ఆదివారం తింటాం. ఈ రోజుల్లో కూడా ఉంటాం."

పూసలు ఆగిపోయాయి.

"ఇన్ని రోజులూ నా పక్కన కూర్చున్నావు. చెప్పలేదేం?"

దానికి జవాబు నా దగ్గర తెలుగులో చాలా ఉంది. ఏడాదీ రెండు నెలలు ఉంది. అరబ్బీలో నాకు ఒక్క మాటే దొరికింది. ఆవిడ పక్కన నేలని చూపించి, "ఇక్కడ జేన్," అన్నాను. జేన్ అంటే బావుంది అని.

మామా పూసల వైపు తిరిగిపోయింది. "పళ్ళెం అక్కడ పెట్టి వెళ్ళు," అంది.

ఆ సాయంత్రం సంబూసాలు బల్ల మీద పెట్టాక కొంచెం నెమ్మదిగా నడిచాను. పిలవలేదు. వంటింట్లో సింకు పక్కన నించుని అజాన్ విని ఒక ఖర్జూరం తిన్నాను. గింజ నేనే తీసుకున్నాను. మేడం లోపలికొచ్చి, "మామాకి కష్టంగా ఉంది. చుట్టాలందరికీ నీ గురించి చెప్పుకుంది. తనని చూసి నవ్వుకున్నావనుకుంటోంది," అంది. నేను నవ్వుకోలేదు మేడం అన్నాను. "నాకు తెలుసు. నీ ఉపవాసం నువ్వు ఉండు. పని మాత్రం చూసుకో," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో రాయడం కష్టం, ఎందుకంటే వాటిలో ఏమీ జరగలేదు. మామా నన్ను తిట్టలేదు. పని చెప్పింది. నీళ్ళివ్వు, కిటికీ వెయ్యి. బింతీ అని మాత్రం అనలేదు. నేను తలకి నూనె రాయడం మానేశాను. పాడటం మానేశాను. ఇంతకుముందు ఒంటరితనం నాకు అలవాటే, అది అన్నం ఉడికినట్టు రోజూ ఉండేదే. ఈసారిది వేరు. ఒకళ్ళ పక్కన కూర్చుని లేచొచ్చాక వచ్చేది అది. దాని ముందు పాతది ఎంతో నయం. ఆదివారం అమ్మ ఫోన్ చేసి వీడియో పెట్టమంది. నెట్ సరిగా లేదని అబద్ధం చెప్పి మామూలుగా మాట్లాడాను. ఒక అబద్ధం వదిలించుకున్నానని సంతోషించే లోపే ఇంకోటి.

ఐదో రోజో ఆరో రోజో, పెరట్లో బట్టలు తీస్తూంటే గోడ అవతలనుంచి క్లిప్పు ఒకటి వచ్చి నా నెత్తిన పడింది.

"ఉన్నావా, పోయావా?" అక్క గొంతు.

"ఉన్నాను."

"పాట ఏది?"

చెప్పాను, జరిగిందంతా. చెప్తూ ఏడ్చాను. "నువ్వు చెప్పినట్టు నోరు మూసుకునుంటే బావుండేదక్కా," అన్నాను.

అక్క వెటకారం చేస్తుందనుకున్నాను. చెయ్యలేదు. దుప్పటి దులిపిన చప్పుడైంది.

"నేను మావోళ్ళకి ఇక్కడ ఆసుపత్రిలో పన్జేత్తన్నానని చెప్పానే," అంది. "నాలుగేళ్ళయ్యింది. ఊళ్ళో అదే చెప్పుకుంటారు. మా పిల్ల కాలేజీలో అదే చెప్పుకుంటది. ఇళ్ళల్లో గిన్నెలు తోముతున్నానంటే దానికి నామర్దా అని."

"అలా అని నాకెప్పుడూ చెప్పలేదేంటక్కా?"

"ఎవరికని చెప్తాను?" కాస్త ఆగి, "ఒసే, ఏమీ లేకుండా కడుపు మాడ్చుకుని నువ్వు పాడతంటే, దీనికేంటి ఇంత సంబరం అనుకునేదాన్ని. తిట్టుకునేదాన్ని కూడా. ఈ ఐదు రోజులూ పాట లేపోతే నాకు చెయ్యాడట్లేదు. ఏం పాడతావో నాకు ముక్క తెలీదు. కానీ పాడు. నీ నూనె నువ్వు రాసుకో. ఆవిడ పక్కన కూర్చోబెట్టుకోపోతే మీ ఏసయ్య లేచెళ్ళిపోయాడా ఏంటి?"

చర్చికి ఒక్కసారి కూడా వెళ్ళని మనిషి నోటినుంచి ఆ మాట వచ్చింది. అయ్యగారు ఎన్ని ప్రసంగాలు చేసినా నాకంత గట్టిగా తగల్లేదు. ఆ సాయంత్రం స్నానం చేసి తలకి నూనె పట్టించుకున్నాను. సంతోషం వచ్చిందని కాదు, రాలేదు. రాసుకోవడం వరకూ నా వంతు కదా అని రాసుకున్నాను. పాట ఎత్తుకుంటే మొదటి చరణం తప్పు పాడాను. రెండో చరణానికి కాస్త వచ్చింది. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది.

నాలుగు రోజుల తర్వాత అక్క పరుగున గోడ దగ్గరికి వచ్చింది. గోడ మీదుగా మొదటిసారి సగం మొహం కనపడింది. కుండీ మీద ఎక్కినట్టుంది.

"మా పిల్లకి చెప్పేశానే. నువ్వు చెప్పగా లేంది నేను చెప్పలేనా అని."

"ఏమంది?"

"నాకెప్పుడో తెల్సమ్మా అంది! వీడియో చేసినప్పుడల్లా నా ఎనక ఇస్త్రీ బల్ల కనపడుద్దంట. ఆసుపత్రిలో ఇస్త్రీ బల్లేంటని మొదటేడే అనుకుందంట. నువ్వు బాధపడతావని నేనే ఊరుకున్నానమ్మా అంది." నవ్వుతోందో ఏడుస్తోందో ఆ సగం మొహంలో తెలియలేదు. "నాలుగేళ్ళు ఇద్దరం ఒకళ్ళకొకళ్ళం నాటకమాడుకున్నామే, సన్నాసుల్లాగా!"

నేను పగలబడి నవ్వాను. మేడం కిటికీలోంచి తొంగి చూసింది.

రంజాను అయిపోయింది. పండగ మూడు రోజులూ ఇల్లు కిటకిటలాడింది. పట్టపగలు అందరూ తింటున్నారు, ట్రేల నిండా స్వీట్లు, కాఫీ. నేను మోస్తున్నాను, కడుగుతున్నాను, తినట్లేదు. నాకింకా రెండు వారాలు ఉంది. అంతవరకూ ఇంట్లో అందరిదీ ఒకే ఆకలి. ఇప్పుడు నా ఒక్కదానిదే. నన్ను దీవించి బుగ్గలు పట్టుకున్న చుట్టాలావిడ స్వీటు నోటికి అందించబోతే, నవ్వి, తలూపి, ఉపవాసం అన్నాను. ఆవిడ మామా వైపు చూసింది. మామా నన్ను చూసింది, నూనె రాసిన తల చూసింది, అంతే.

చుట్టాలు వెళ్ళిపోయిన మర్నాడు, సాయంత్రం నేను వంటింట్లో ఉండగా కర్ర చప్పుడు వినపడింది. మామా. వంటింటి కుర్చీలో మెల్లగా కూర్చుంది. చేతిలో చిన్న గిన్నె, అందులో ఖర్జూరాలు. ఏమైనా కావాలా అని అడిగాను. వద్దంది.

పండగ తర్వాత ఇష్టమున్నవాళ్ళు ఇంకో ఆరు రోజులు ఉపవాసం ఉంటారట. ఇంట్లో ఎవరూ ఉండరు. ఆవిడ ఒక్కతే ప్రతి ఏడూ ఉంటుంది. అది నాకు అప్పుడే తెలిసింది. అవతల హాల్లో టీవీ, పిల్లలు చిప్స్ కోసం కొట్టుకుంటున్నారు.

"ఈ ఇంట్లో ఇవాళ ఆకలితో ఉన్నది మనిద్దరమే," అంది మామా.

నేను నించునే ఉన్నాను. గ్లాసులో నీళ్ళు పోసి ఆవిడ ముందు పెట్టాను.

"ఆకలేస్తుంటే ఎందుకు నవ్వుతావు? పిచ్చిదానివా?"

"మా దేవుడికి ఏడుపు మొహంతో ఇస్తే బావుండదు మామా." అరబ్బీలో అది ఎలా వచ్చిందో ఏమో, ఆవిడకి అర్థమైనట్టే తలూపింది. తర్వాత రెండో కుర్చీని కర్రతో కాస్త బయటికి లాగింది. నేను కూర్చున్నాను. నేను అడక్కుండానే చెప్పింది, తనకి కోపం రాలేదని, అందరికీ గొప్పగా చెప్పుకున్నందుకు సిగ్గేసిందని. నేను కూడా చెప్పాను, నాకు కూడా సిగ్గుగానే ఉందని. అజాన్ వినిపించింది. గింజ ఎవరిది వాళ్ళం తీసుకున్నాం.

ఆ ఆరు రోజులూ అలాగే. ఆదివారం మాత్రం నేను ముందే చెప్పేశాను, ఇవాళ నేను మధ్యాహ్నం తిన్నాను మామా అని. అయినా కూర్చో అంది. ఆరో రోజున గిన్నె మూత పెడుతూ, "నాది ఖలాస్. నీకింకా ఎన్ని?" అని అడిగింది. తను నేర్పిన అంకెల్లోనే ఆరు అని చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. లేవబోతూ ఆగింది.

"నాకింకో కూతురుంది. మేడం కన్నా చిన్నది. దూరదేశంలో ఉంటుంది. మూడేళ్ళుగా నాతో మాట్లాడదు." కర్ర కొసతో టైలు మీద ఏదో గీతలు గీసింది. "నీ ఆరు రోజుల్లో, నువ్వు దేవుణ్ణి అడిగేటప్పుడు, దాని కోసం కూడా అడుగు."

ఆ ఇంట్లో నన్ను పని కాకుండా ఇంకోటి అడగడం అదే మొదటిసారి. తప్పకుండా మామా అన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక కర్ర చప్పుడు గదిదాకా విన్నాను.

మర్నాటినుంచి సాయంత్రాలు మళ్ళీ నేనొక్కదాన్నే. మామా మధ్యాహ్నమే తిని పడుకునేది. నా ఆరు రోజులూ ఎవరూ రాలేదు, వస్తారని చూశానని చెప్పడానికి నాకేం సిగ్గు లేదు. శుభ శుక్రవారం, అంటే గుడ్ ఫ్రైడే రోజు కూడా చర్చికి వెళ్ళడం కుదరలేదు. మా ఊరి చర్చిలో ఆరాధన ఫోన్లో ఒక చెవికి పెట్టుకుని ఇస్త్రీ చేశాను.

అయితే రోజూ పొద్దు వాలగానే వంటింట్లో కళ్ళు మూసుకుని, అమ్మనీ, తోడబుట్టిన అక్కనీ, గోడ అవతల అక్కనీ, ఆమె కూతుర్నీ చెప్పుకున్నాక, ఆ అమ్మాయి గురించి అడిగాను. పేరు అడగడం మర్చిపోయాను. ఏ దేశమో కూడా తెలియదు. మామా చిన్న కూతురు, మాట్లాడటం లేదు, అన్నాను. అంతకన్నా గుర్తులు ఆయనకి అక్కర్లేదనుకుంటాను.